మినహా

ఛత్రపురం కలెక్టరాఫీసు గోడవార
రేకు నీడలో నా టైపు మిషను.
అర్జీలు ఒడియాలో,
పాస్‌పోర్టు ఫారాలు ఇంగ్లీషులో,
విసుక్కోవడం మాత్రం తెలుగులో.

ఇరవై రెండేళ్ళు కొట్టాను ఆ వాక్యం:
అన్ని దేశాలకూ చెల్లును,
ఫలానా దేశం మినహా.
చివరి మాట దగ్గరికొచ్చేసరికి
వేళ్ళు కళ్ళని అడగడం మానేశాయి.

ఆ ఫలానా దేశం మావాళ్ళకి రంగం.
మ్యాపులో పేరు ఇంకోలా ఉంటుంది.
గోపాలపురం రేవులో విరిగిన స్తంభాల మీద
కూర్చున్న పిట్టలు అటే చూస్తుంటాయి.

సోమవారం పాఢి బాబు
టీ గ్లాసు మీద మూతగా ఒక సర్క్యులర్ పట్టుకొచ్చాడు.
తడి సున్నా లోపల నాలుగు వరుసలు.
ఆంక్ష ఎత్తేశారట.
ఎందుకు పెట్టారో అందులో లేదు,
ఎందుకు తీశారో కూడా.
"ఇక ఆ ముక్క కొట్టకు" అన్నాడు, అంతే.
జిరాక్స్ కొట్టతను ఒక కాపీ గోడకి అంటించాడు.
జిగురు చాలక మధ్యాహ్నానికి ఊడింది.

గురువారం గనగళ్ళ దానమ్మ వచ్చింది,
గోపాలపురం నోలియా వీధి నుంచి.
ఎండుచేపల గంప మెట్టు మీద దించి
కాకులకి నన్ను కాపలా పెట్టి
"రంగం తలుపు తీసారట గదా బాబూ,
నాకో కాయితం రాసెట్టు" అంది.

పుట్టిన తేదీ?
"బియ్యం మిల్లు తగలడ్డ యేడు."
పుట్టిన ఊరు?
"ఆ మిల్లున్న ఊరే. రంగం."

నా వేలు గాల్లో ఆగింది.
ఇన్నేళ్ళూ నేను మినహా అని కొట్టిన చోట
ఒక మనిషికి బొడ్డు కోశారు.

ప్రయాణ కారణం?
ఉద్యోగం, చదువు, వైద్యం, విహారం,
గళ్ళు చదివి వినిపించాను.
"అప్పు" అంది.
అప్పు చేసి వెళ్తావా?
"ఎల్లి తీర్సాల."

బాంబులు పడిన యేడట.
ఆఖరి ఓడ డెక్కు టికెట్లకి పన్నెండు రూపాయలు తక్కువైతే
పక్కింటి మా కిన్, సేమియా పులుసు అమ్ముకునే మనిషి,
చెవిపోగులు తాకట్టు పెట్టి తెచ్చిచ్చిందట.
"మాయమ్మ పోయే ముందు మాట పడిపోనాది.
రెండు సేతులూ ఎత్తి పది సూపేది,
దించి, మళ్ళా రెండు."

వడ్డీ ఎంతని నన్నే అడిగింది.
నూటికి రూపాయి చొప్పున, నలభై తొమ్మిదేళ్ళు,
అసలుతో కలిపి
ఎనభై రెండు రూపాయల యాభై ఆరు పైసలు.
"మరి సెవిపోగులకో?"
ఆ లెక్క నాకు రాలేదు.

మా కిన్ బతికుందా అని నేను అడగలేదు.
తనే చెప్పింది, "ఉండదు.
అప్పుడే మాయమ్మ కన్నా పెద్దది.
ఓల్లెవులూ లేపోతే ఆ ఈదిలో
పులుసమ్ముకునే మనిసికెవులికైనా ఇచ్చెస్తాను."

ఫీజు ఇంత, భువనేశ్వరం బస్సు ఇంత,
విమానానికి ఇంత అని వేళ్ళు మడిచాను.
ఎనభై రూపాయల కోసమా దానమ్మా?

గంప వైపు చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు.
"ఇన్నాళ్ళూ ఓలడిగినా
సర్కారు ఎల్లనివ్వదు అనీదాన్ని.
రాత్రుళ్ళు మాయమ్మకీ అదే సెప్పీదాన్ని.
ఇప్పుడేటి సెప్పను?"

మరి మాట్లాడలేదు నేను. కాగితం ఎక్కించాను.
పేరు, తండ్రి పేరు, ఊరు,
కారణం గడిలో ఇతరములు, దాని పక్కన బాకీ.
అన్ని దేశాలకూ చెల్లును,
కామా కొట్టేసి
పాత అలవాటున మినహా కూడా కొట్టేశాను.

లాగి చించేశాను. కొత్త ఫారం, నా డబ్బుతోనే.
ఈసారి చెల్లును దగ్గర
చుక్క పెట్టి చేతులు వెనక్కి తీసుకున్నాను.

"ఏటి రాసినావు కడాకి?"
చెల్లును అని.

"ఇంకా సెల్లనేదు బాబూ" అంది,
గంప నెత్తికెత్తుకుంటూ.