ఎక్సో

గుంటూరు కొత్తపేటలో మేడ మీద గది.
తొమ్మిది మందిమి, ఒకటే ఫ్యాను.
మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగిందంటే
గ్రీకు కూడా తుమ్ముతుంది.

దయానిధి మాస్టారు బోర్డు మీద మూడక్షరాలు వేశారు.
"ఎక్సో. అంటే బయట.
ఒంటరిగా నిలబడగలదు: ఆమె బయట ఉంది, అన్నట్టు.
పక్కన నామవాచకం వచ్చిందా,
అది షష్ఠిలోకి మారాల్సిందే."

"ఎందుకు మారాలి సార్?" అంది సలోమి.
"తెలుగులో మార్చట్లా నువ్వు?
ఊరు బయట అంటావా, ఊరి బయట అంటావా?"

అందరూ నవ్వారు.
నా పెన్ను మాత్రం ఆ రెండో మాట దగ్గర ఆగింది.

మా పేట ఎక్కడని ఎవరడిగినా
నాయనమ్మ చెప్పే గుర్తు అదే.
పోస్టుమాన్ అక్కడిదాకా వచ్చేవాడు కాదు,
పొగాకు బ్యారను అరుగు మీద ఉత్తరాలు పడేసి పోయేవాడు.
చదువు రాని ఆమె
ఒక్కోదాన్నీ వాసన చూసి ఇచ్చేది,
"ఇది మీ బాబాయిదేలే" అంటూ.
సగంసార్లు నిజమే అయ్యేది.

మాస్టారు ఇంకా చెబుతున్నారు:
"ఇది అవ్యయం. లింగం లేదు, వచనం లేదు.
ఏ విభక్తీ దీన్ని అంటదు."

అంటదు.
ఆ మాట ఇన్నాళ్లూ ఇంకోలా విన్నాను.
ఇక్కడ వంగేది ఊరు,
బయట కాదు.

మెట్లు దిగి సైకిలు తాళం తీస్తుంటే
పైనుంచి సలోమి కేక:
"గొడుగు మర్చిపోయావ్, ఎక్కడున్నావే?"

"ఎక్సో!" అన్నాను,
పక్కన ఏ ఊరూ పెట్టకుండా.