పది మీటర్ల వరండా

ఇరవై రెండేళ్ళుగా ఇదే కిటికీ.
అద్దం కింద చెయ్యి పట్టేంత సందు.
అటుపక్క పిల్లలు, వాళ్ళ బూట్లకి కరగని మంచు.
ఇటుపక్క నేను, ఐలా కివిస్తో,
పట్టాకి ఎవరికేం తక్కువైందో
లెక్క చూసి చెప్పే మనిషిని.

కైనీషియాలజీ కాగితం నాకు కంఠతా వచ్చు.
మొత్తం నూట ఇరవై క్రెడిట్లు.
శరీర నిర్మాణం రెండు టర్ములు,
ఎముకలకొకటి, మెత్తనివాటికొకటి.
పన్నెండులో ఫిజిక్స్ చదవకపోతే
బయోమెకానిక్స్ గది గడప తొక్కనివ్వరు.
ఈత రావాలి. స్కేటింగ్ రావాలి.
స్టాటిస్టిక్స్‌లో అరవై ఐదు, అరవై నాలుగు కాదు.
ఆఖరి ఏడు, నొప్పులున్న మనుషుల మధ్య
రెండొందల నలభై గంటలు.

నిద్రలో లేపి అడిగినా చెబుతాను.
అదంతా దేనికో అంటే మాత్రం తెలీదు.
గరిటెకి పులుసు రుచి తెలుస్తుందా?

ఫిబ్రవరిలో వచ్చాడు రెంజో ఫవారో.
సాయంత్రాలు ఐస్ రింకులో స్కేట్లు సానబడతాడు,
గోళ్ళ సందుల్లో ఇనప రజను.
స్టాటిస్టిక్స్ రెండుసార్లు పోయింది.
మూడోసారి పోతే కోర్సే పోతుంది.
ఆ మాట మెత్తగా చెప్పడం నాకింకా చేతకాలేదు,
గట్టిగానే చెప్పాను.
తల ఊపాడు.
వెళ్ళిపోవలసినవాడు ఆగి,
"మీరొకసారి నడుస్తారా?" అన్నాడు.

నడక పరిశీలన అసైన్‌మెంటట.
పాతికలోపు వాళ్ళు తొమ్మిదిమంది దొరికారట,
యాభై దాటినవాళ్ళు ఒకరైనా కావాలట.
"దాటానని నీకెవరు చెప్పారు?" అన్నాను.
చెవులు ఎర్రబడ్డాయి పాపం.

భోజనాల వేళ వరండాలో
నేల మీద రెండు టేపు ముక్కలు అంటించాడు,
మధ్య పది మీటర్లు.
"మామూలుగా నడవండి, చాలు."
మామూలుగా!
అడుగు తీసి అడుగు వెయ్యడం ఎంత పనో
ఒకరు చూస్తుంటే తెలిసింది.
చేతులు ఎవరివో తెచ్చి తగిలించినట్టున్నాయి.
వెళ్ళాను. వచ్చాను. మళ్ళీ వెళ్ళాను.
ఆరోసారికి మర్చిపోయాను.
అతను ఆరోదే తీసుకున్నాడు.

కాగితం నా వైపు తిప్పాడు.
ఎడమ అడుగు కుడిదానికన్నా ఏడు సెంటీమీటర్లు పొట్టి.
"ఎప్పుడు విరిగింది?" అన్నాడు.
విరిగిందా, అనలేదు.

తొమ్మిదో ఏట
సౌనా గది కప్పు మీంచి మంచులోకి దూకాను.
మంచు కింద కట్టెలమోపు ఉందని నాకేం తెలుసు?
రంపపు మిల్లులో రాత్రి షిఫ్టు చేసొచ్చిన నాన్న
"నడుస్తూంటే అదే సర్దుకుంటుందిలే" అన్నాడు.
సర్దుకుంది.
కాలు కాదు, మిగతా నేనంతా.
నడుము ఒరిగింది, భుజం దానికి సాయం వెళ్ళింది,
ఎడమ బూటు మడమ ఎప్పుడూ ముందే అరిగింది.
నాట్యాలున్న పెళ్ళిళ్ళలో
అందరి కోట్లకీ కాపలా నేనే.
ఇరవై ఏడేళ్ళు పక్కన నడిచిన మనిషి
ఒక్కనాడూ అడగలేదు.
తన అడుగే చిన్నది చేసుకున్నాడేమో,
అడుగుదామంటే ఇప్పుడు లేడు.

కీలెరిగి వాత పెట్టమంటారు.
ఈ కుర్రాడు వాత పెట్టలేదు.
కీలు ఎక్కడుందో చూపించి,
టేపు ఊడబీకి ఉండచుట్టి
జేబులో వేసుకుని పోయాడు.

దానికి వందకి తొంభై ఒకటి వచ్చిందట.
అది స్టాటిస్టిక్స్ కిందికి రాదు.
ముక్కూమొహం తెలియని మనిషి నడక చదివినందుకు
టిక్కు పెట్టే గడి నా కాగితంలో లేదు.
వెతికాను, సిగ్గు విడిచి,
పాత నిబంధనల పుస్తకాలు కూడా తిరగేసి.

ఉద్యోగులకి ఏడాదికో కోర్సు ఉచితం.
ఇరవై రెండు వదిలేసుకున్నాను.
సుపీరియర్ సరస్సు మీద ఆఖరి మంచు పలకలు
ఒకదాన్నొకటి ఒరుసుకునే మే నెలలో
సాయంత్రం ఆరింటి స్టాటిస్టిక్స్‌కి పేరిచ్చాను.
మూడో అంతస్తు. లిఫ్టు పాడైంది.

వెనక మెట్ల మీద రెంజో,
కావాలని నెమ్మదిగా.
"చూడకు" అన్నాను.
"చూడ్డం లేదు" అన్నాడు.

చూస్తున్నాడు.