మధ్యలో ఏడేళ్లు

మధ్యాహ్నం మూడంటే అక్కడ పొద్దున్న తొమ్మిదిన్నరట.
రేవులో పంటు మోత లోపలికి రాకుండా
కిటికీ మూసి, ఫ్యాను కట్టేసి,
బియ్యం డబ్బాకి ఫోను ఆనించి కూర్చున్నాను.
పైన ఇస్త్రీ చేసిన తెల్లకోటు, కింద నైటీ.
నర్సాపురం ఉక్క మెడ దగ్గర మొదలై నడుం దాకా దిగింది.

భీమవరం కోచింగులో మేడం ముందే చెప్పింది:
ఖాళీ గురించి అడుగుతారు, అడక్క మానరు.
కుటుంబ కారణాలని రెండు ముక్కల్లో తేల్చెయ్యి.
ఏడుపొద్దు, కథలొద్దు.
కొత్తగా వలస వెళ్లేవాళ్లం మనం,
అద్దింట్లో కుర్చీ జరుపుకున్నట్టు మాట్లాడాలి,
కిందివాళ్లకి చప్పుడు కాకుండా.

అడిగింది.
ఐర్లండులో ఏదో ముసలివాళ్ల హోము.
రాగిరంగు జుట్టావిడ కాగితం మీద వేలు పెట్టి,
నా పేరు మూడుచోట్ల విరిచి,
రెండువేల పదిహేను నుంచి ఇరవైరెండు దాకా
ఇక్కడ ఏమీ రాయలేదే, అంది.

కుటుంబ కారణాలు, అన్నాను.
అప్పజెప్పిన పాఠం చక్కగానే వచ్చింది.
ఆవిడ కలం ఎత్తింది గానీ రాయలేదు.

ఏం చెప్పను?
మా పెద్దాడబిడ్డ సంతోషమ్మ
మట్టలాదివారం నాడు చర్చి మెట్ల మీదే కూలిపోయిందనా,
ఎడంపక్క మళ్లీ లేవలేదనా,
నెల సెలవడిగితే ఆస్పత్రివాళ్లు నా పేరే కొట్టేశారనా?
రెండు గంటలకోసారి ఒత్తిగిల్లించి, తుడిచి, పౌడరేసి,
ఏడేళ్లలో ఆ వీపున ఒక్క పుండు పడనివ్వలేదు.
వార్డులో చేస్తే డ్యూటీ అంటారు దాన్ని.
ఇంట్లో చేస్తే కారణమట.

మందులకి చాలక లేసు పట్టాం.
తనకి పదేళ్లప్పట్నుంచీ వచ్చిన పని.
ఆమె కుడిచేతిలో సూది, నా ఎడంచేతిలో దారం,
మంచమ్మీద ఒకళ్లం, ముక్కాలిపీట మీద ఒకళ్లం,
ఇద్దరం కలిస్తే ఒక్క మనిషి పని.
వంకరపోయిన నోటితోనే తిట్టేది:
"కన్నాలు చూడవే! దారం గుడ్డోడికైనా తెలుస్తాది.
కన్నం కన్నం ఒక్కలా ఉంటేనే రేటు."
ఎన్ని బల్లగుడ్డలు, ఎన్ని పళ్లేల కింద మేట్లు,
ఓడెక్కి ఏ దేశం పోయాయో,
ఒక్కదాని మీదా మా పేరు లేదు.

ఫోన్లో ఆవిడ ఇంకా చూస్తోంది.
మేడం నేర్పనిది నోట్లోంచి వచ్చేసింది:
నర్సు పనే చేశానండి. ఒక్క పేషెంటు. ఏడేళ్లు.

అలాగా, మరి రిఫరెన్సు ఎవరివ్వగలరు, అంది.
మర్యాదగానే అంది.

ఇవ్వాల్సిన మనిషిని
కిందటి శ్రావణంలో, గట్టు తెగేలా వశిష్ఠ పొంగినప్పుడు,
సమాధుల దొడ్లో నీళ్లు తోడించి మరీ దించి వచ్చాం.
ఆ ఇంగ్లీషు నాకు రాలేదు.

అంతలో బొమ్మ ఆగిపోయింది.
నోరు సగం తెరిచి ఆవిడ,
వెనకాల బల్లమీద తెల్లగా ఏదో పరిచి ఉంది.
దగ్గరికి లాగి చూశాను. అల్లికో, ప్లాస్టిక్కో,
ఆ మసకలో కన్నాలు లెక్కకి అందలేదు.
మళ్లీ లైను కలిసేసరికి
రెండు వారాల్లో తెలియజేస్తామంది.

కోటు విప్పి కొక్కేనికి తగిలించి తలుపు తీస్తే
అరుగు మీద లేసు ఏజెంటు నూకరాజు గారు,
సంచీ, కొలత టేపు, చెవిలో పెన్సిలు.
మేట్లు లెక్కపెట్టాడు. పన్నెండుకి ఐదు.
కోచింగుకి తిరిగిన రోజులన్నీ
ఆయన పుస్తకంలో తెల్లగా ఉన్నాయి.

"ఏంటమ్మా ఇది, ఆయ్?
మధ్యలో ఇన్నాళ్లు ఏం చేసినట్టు?"

కుటుంబ కారణాలండి, అన్నాను.
తెలుగులో అంటే
నాకే నవ్వొచ్చింది.