తోక పట్టుకొని

విడవలూరు బడికి పదకొండు కంప్యూటర్లొచ్చాయి.
"దీన్ని మౌస్ అంటారు, అంటే ఎలుక" అన్నాను.
క్లాసంతా వెనక వరస వైపు తిరిగి నవ్వింది.

అంకయ్య నవ్వలేదు.
వాళ్ల నాయన కోతలైన కయ్యల్లో
గట్లు తవ్వి ఎలకలు పడతాడని
నాకెవరూ చెప్పలేదు.
నేనూ అడగలేదు.

మూలనున్న ఏడో నెంబరులో బాణం బిగుసుకుపోయింది.
నేనింకా పుస్తకం తిరగేస్తున్నాను.
వాడొచ్చి
తోక పట్టుకున్నాడు.
బల్ల కింద, దుమ్ములో, మోకాళ్ల మీద
తీగ వెంట వేళ్లు పోనిచ్చి
బొక్క దాకా పోయాడు.
"ఊడొచ్చుండాది సార్, లోపలికి పోలా."

బాణం కదిలింది.
బల్ల కింద నుంచి చిన్న నవ్వు.
ముందు వరస నిరోష స్టూలు కాస్త జరిపింది,
వాడు కూర్చోను.

రేపటి పాఠం ఇంకా రాసుకోలేదు.
వాణ్ణడగాలి,
ఏ తీగ ఏ కలుగులో దూరుతుందో.