భుజం కొలత

కట్టమంచి దారిలో, పంచర్లు వేసే షెడ్డు పక్కన
జిలానీ సాయిబు అంగడికి బోర్డు లేదు.
తలుపు మీద సుద్దముక్కతో రాసిన ఫోను నంబరు,
అందులో ఒక అంకె వానకు పోయింది.
తెలిసినోళ్లే వస్తారు.

నేను పోయినప్పుడు దర్జీ మాదిరి నిలబెట్టినాడు.
మోచేతి మడత నుంచి చూపుడువేలి కణుపు దాకా
తాడుతో కొలిచి ముడి వేసినాడు.
"చొక్కా విప్పు. బరువులు ఏ భుజాన మోస్తావు?"
కుడి భుజాన. చిన్నప్పటి నుంచీ చెనిక్కాయ మూటలు.
బొటనవేలితో నొక్కి చూసి
"ఈడ కాయ కాసింది, దీనికొక గుంట వదలాల" అన్నాడు.
మా ఇంటిదానికి కూడా తెలియని గట్టిదనం అది.

మా కయ్యలు పలమనేరు అవతల, అడివి నీడ పడే చోట.
రాత్రి పందులు దిగితే
తెల్లారేసరికి దుక్కి దున్నినట్టుంటాది,
ఊడలు దిగిన చెట్లు వేళ్లు మింటికి చూపిస్తా.
మూడేండ్లు తిరిగితే వచ్చింది లైసెన్సు,
"పంట కాపలా నిమిత్తము" అని నీలం ముద్రతో.
నేను అడిగింది ఒకటే:
మూడు కయ్యల అవతల గెనిమ ఎక్కిన మూతిని తాకాల,
గాలి వీచినా జానెడు పక్కకు పోగూడదు.

సాయిబు నవ్వి, దూలానికి వేలాడే దారం చూపించినాడు.
దాని కొసన ఒక ఇత్తడి తూటా, మందు లేనిది,
నడుము లావు, మెడ సన్నం, కూజా మాదిరి.
ఏ కంపెనీ కొలతకూ లొంగకుండా
రెండు కొలతల మధ్య సందులో వాళ్ల నాయన కన్న బిడ్డ.
"నువ్వు అడిగేది ఇదే. గాలి మాట వినదు.
కానీ దీనికి పేరు లేదు.
పేరు లేనిదానికి కాగితం రాదు నాయనా,
కాగితం లేనిదానికి నేను గొట్టం తొలవను."
నలభై ఏండ్లుగా అది ఆయనకు తూకుగుండు.
ఒక్కసారి కూడా పేలకుండా
ఎన్ని తుపాకుల్ని తిన్నగా నిలబెట్టిందో.

నాకు పేరున్న కొలతే ఇచ్చినాడు. కర్ర మాత్రం నాది.
ఈ కాలం టేకు చేవలేనిదని తిట్టినాడు,
ఎర్రచందనం పేరెత్తితే చెవులు మూసుకున్నాడు.
సోమలలో కూలిన మిద్దె ద్వారబంధం, జిట్రేగిది,
యాడనో వెతికి తెచ్చినాడు.
"నూరేండ్లు జనం తలలు తగిలించుకున్న మాను,
దెబ్బకు వెరవదు."

పదకొండు నెలలు. బస్సు చార్జీలే ఒక దూడ ఖరీదు.
పోయినప్పుడల్లా రవ్వంత గీకి, భుజానికి ఆనించి,
కండ్లు మూసుకోమని, తెరవమని,
"ఏం కనపడతాంది?" అనేవాడు.
"గొట్టం" అంటే ఇంకా గీకేవాడు.
ఒక శుక్రవారం, నమాజు నుంచి వచ్చినాక,
కండ్లు తెరిస్తే గొట్టం లేదు.
ఎదురుగోడలో మేకు తల ఉంది, అంతే.
"అయిపోయింది, తీసుకపో."

ఆ ఆదివారమే ఎన్నికల ప్రకటన.
సంతకం పెట్టి స్టేషన్‌లో అప్పగించినాను.
రైటరు మునిశేఖర్ మెడకు అట్టముక్క కట్టి, నంబరు రాసి,
సారా కేసు క్యాన్ల పక్కన గోడకు ఆనించినాడు.
కర్ర మీద నూనె తడి ఇంకా ఆరలే.
"ఓట్లు లెక్కపెట్టినాక రాప్పా" అన్నాడు.
చెనిక్కాయకు ఆ సంగతి ఎవరు చెప్తారు.

ఇప్పుడు మంచె మీద నేను, సొట్టబోయిన నూనె డబ్బా, ఒక ఇనప కమ్మి.
రెండు దాటినాక గెనిమ కాడ గురక.
చేతికందిన వెదురుకర్ర ఎత్తి
ఊరికే, భుజానికి ఆనించి చూసినా.
కాయ కాసిన చోట కుదురుకోలే. అంగుళం పొట్టి.
ఇదివరకు ఏ కర్రైనా నాకు సరిపోయేది.

పందులు తింటా ఉండాయి.
కర్ర దించి, డబ్బా కొట్టినాను.