మూడో ప్రశ్న

బాజీ పేపర్లో మూడో ప్రశ్న దగ్గర
తెల్లగా ఉంది.
రాసి కొట్టేసిన గుర్తు కూడా లేదు.

ఆదివారాలు వాళ్ల నాన్న వెంట మిర్చి యార్డుకు పోయే పిల్లాడు,
కాటా మీద టిక్కీ ఊగడం ఆపేలోపే
తరుగు తీసేసి, ధర కట్టి,
గుమస్తా కంటే ముందు చెప్పేసే పిల్లాడు.
నేను చూశాను. ఏడాది కారానికి కాయలు కొందామని పోయి
వాణ్ణి చూస్తూ నిలబడి, కొనకుండా వచ్చాను.

"ఇదేంట్రా?" అన్నాను.
'వ్యత్యాసం' మీద వేలు పెట్టాడు.
"ఎ... ఎంత తేడా అని అడిగుంటే చెప్పేవాణ్ణి టీచర్."

పంతొమ్మిదేళ్లుగా
చదివించడం తెలుగు టీచరు సుగుణమ్మ పని,
లెక్కలు నా పని.
మధ్యలో గోడ.
ఆ గోడ నీడన ఎంతమంది నోరు మెదపకుండా కూర్చున్నారో
హాజరు పట్టీలో ఎక్కడుంటుంది?

మర్నాడు లెక్కలోంచి అంకెలు తీసేశాను.
మాటలు మాత్రం మిగిల్చి
కబురు చెప్పినట్టు రెండుసార్లు చదివాను.
ఎవరున్నారిందులో? ఏం పోయింది? ఏం అడుగుతున్నారు?
అంకెలు పోయేసరికి అందరికీ నోరొచ్చింది.

కిటికీ ఊచ నుంచి బీరువా దాకా పురికొస కట్టాం.
పురుగుమందుల కొట్టు క్యాలెండర్ కాగితాల వెనకవైపు
ఒక్కో మాట రాసి బట్టల క్లిప్పుతో తగిలించాం.
కింద మీ ఇంటి మాట రాయండి అన్నాను.
గౌసియా "ఫరఖ్" అంది.
చివరి బెంచీలో దిబాకర్,
బలంగీర్ నుంచి రింగ్ రోడ్డు అపార్ట్‌మెంట్ల పనికొచ్చిన
తాపీ కూలీల పిల్లాడు,
ఆగస్టులో చేరింది మొదలు హాజరుకి చెయ్యెత్తడం తప్ప
గొంతు వినిపించనివాడు
లేచి నిలబడి "ఫరక" అన్నాడు.
ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు,
తెలియని ఊరి బస్సులో
చుట్టం కనపడ్డట్టు.

కెజియాకి బోర్డు మసక.
ఆ పిల్ల కోసం అక్షరాలకి బంక పూసి
ఉప్మా రవ్వ చల్లి ఆరబెట్టాను.
వేలితో తడుముకుంటూ "హారం" అంది.
"మెళ్లో వేసుకునేదా టీచర్?"
క్లాసు గొల్లుమంది.
నాకు నవ్వు రాలేదు.
ఇన్నేళ్లూ ఆ మాటని గీత కింద నిలబెట్టి
పనిచేయించుకున్నానే గానీ
ఒక్కనాడూ దాని మొహం చూడలేదు.
"అది గుచ్చేది తల్లీ, ఇది పంచేది" అన్నాను.
సరిగ్గా చెప్పానో లేదో.
ఆ రాత్రి ఇంటికెళ్లి నిఘంటువు దుమ్ము దులిపాను.

తర్వాత ఆ పురికొస నాది కాకుండా పోయింది.
సైన్సు నాగభూషణంగారు 'బాష్పీభవనం' తగిలిస్తే
కింద ఎవరో
'కళ్లంలో కాయ ఎండటం' అని రాశారు.
సోషల్ మేడం 'ఎగుమతి' కింద
బాజీ లారీ బొమ్మ వేశాడు,
నంబరు ప్లేటుతో సహా.

హెడ్మాస్టరుగారు వచ్చి "సిలబస్ ఎక్కడిదాకా?" అన్నారు.
"వ్యత్యాసం దాకా" అన్నాను.
రెండు పాఠాలు వెనక, అని రాసుకుని వెళ్లారు.
నిజమే. రెండు.

'విజాతి భిన్నాలు' వచ్చిన రోజు
ఎవరో దిబాకర్ వైపు చూసి ఏదో గొణిగారు.
వాడికి అర్థమైంది. ఆ మాట మాత్రం అర్థమైంది.
నేను చెప్పాల్సింది గొంతులోనే ఉండిపోయింది.
దాన్నీ పురికొసకి తగిలించాను.
కింద ఇంకా ఖాళీ.
గుంటూరు ఎండకి కాగితం అంచులు ముడుచుకుంటున్నాయి.

అర్ధ సంవత్సర పరీక్షలో
బాజీ మూడో ప్రశ్నకి పేజీ నిండా రాశాడు.
'వ్యత్యాసం అనగా తేడా. కావున తీసివేయవలెను.'
తీశాడు.
పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం మర్చిపోయాడు.
జవాబు తప్పు.

ఎర్ర పెన్ను పట్టుకుని
ఆ తప్పు పక్కన
చాలాసేపు కూర్చున్నాను,
సంతోషంగా.