రిజిస్టర్ల ఐదు

పొద్దుగాల ఆరున్నరకు
హంటర్ రోడ్డు ఇంక ఆవులిస్తనే ఉంటది.
దాణా గదిల నేను దోసకాయలు కోస్త.
కత్తిపీట చప్పుడు ఇనంగనే
కొండెంగల జాలీ గలగలమంటది.

రిజిస్టర్ల ఐదు అని రాస్త.
నోట్లకెళ్లి మాత్రం ఐదుగురు అనే వస్తది.

ముందుగాల మొదలువెట్టేది సైరను.
మా నాయిన సాంచెల మీద ఒళ్లరగదీసిన మిల్లు
బందయి ఎన్నేండ్లాయె,
ఆ కూత మళ్ల వీని గొంతుల ఇన్న.
మెడ సాపి, కండ్లు మూసి, హూప్ హూప్‌మని
టైముకు కొడ్తడు.
డ్యూటీ ఎక్కెటోళ్లు ఎవ్వరు లేరు.
అయినా కొడ్తడు.

రాజవ్వ పల్లికాయ ఇస్తె ఎంటనే తినది.
ఒలిచి, పొట్టు ఊది, గచ్చు మీద వరుస పేర్చి,
బీడీలు కట్టలు గట్టే మా వదినె లెక్క
ఒక్కొక్కటి ముట్టుకొని సూస్తది.
తక్కువైతె నా దిక్కు సూస్తది.
తూకం నాది కాదు, స్టోరు సారుది.
అయినా నేనే తలకాయ వంచుకుంట.

మస్కట్ పొద్దంత మీది కొమ్మ మీదనే.
ఎప్పుడన్న దిగితె
అందరు సుట్టు మూగి పేన్లు సూస్తరు,
ఏం తెచ్చిండో అన్నట్టు.

ఇగ మిరపగింజ.
దీని కథకు పొద్దు సాలది.
ఓదేలన్న టిఫిను మూత ఎత్కపోయి
అండ్ల తన మొఖం సూసుకొని
మూత ఎనుక చెయ్యి పెట్టి దేవులాడింది.
ఎవ్వరు దొరకలే.
మూత బోర్లిచ్చింది, నాకింది, నెత్తి మీద పెట్టుకుంది,
ఆఖరికి సైరను తోక లేపి
ఆడేమన్న దాసుకున్నరా అని సూసింది.
పరకాల బడి పిల్లలు
నవ్వి నవ్వి జాలీ పట్టుకొని కూలబడ్డరు.

పట్వారి వేరు.

హన్మకొండల ఏదో కాలనీకి
కోతుల లొల్లి పడలేక నెల కిరాయికి తెచ్చిన్రట.
మనిషికి భయపడుకుంట
కోతిని భయపెట్టే నౌకరి.
మెడ సుట్టు తాడు తిన్నకాడ
ఇప్పటికి ఎంటిక మొలవలే.
ఎవ్వని దిక్కు సూసినా
వాని శెల్క ఇంకొకని పేర రాసినట్టె సూస్తడని
ఓదేలన్న ఆ పేరు పెట్టిండు.
ఎనిమిది నెలలు మూలకే కూసున్నడు.
నల్లా పైపు గుంజుకొస్తె గోడెక్కుతడు.
పైపును ఏమనుకుంటుండో
నాకు శాన రోజులకు ఎరుకైంది.
అప్పటిసంది బొక్కెనలతోనే కడుగుతున్న.
నడుము నొస్తది. నొయ్యనీ.

మొన్న సెలవు నాడు, ముసురు.
జనం లేరు. టైరు మీదికెళ్లి నీళ్లు కారుతున్నయి.
మిరపగింజ సప్పుడు లేకుంట పోయి
పట్వారి తోక పట్టుకొని ఏలాడింది.

వాడు బిగుసుకపోయిండు.
ఎనకకెళ్లి ఏదో గుంజుతుంది కదా.
నా చేతుల దోసకాయ సగం తెగి ఆగింది.
మెల్లగ మెడ తిప్పిండు.
సూసిండు.
ఆ పోరి తలకిందులుగ ఏలాడుకుంట
వాని దిక్కే పండ్లు ఇకిలిస్తుంది.

తోక జర మీదికి లేపిండు.
దించిండు.
మళ్ల లేపిండు.
చేప పడ్డదా లేదా అని
గాలం సూసుకునే ముసలాయన లెక్క.

తర్వాత ఎవరు ఎవరిని తరిమిన్రో నాకు తెల్వది.
మూడు సుట్లు. టైరుకు తాకి ఒకసారి బోర్లపడ్డడు.
లేచి, ఏం కానట్టు,
గోడ దిక్కు తిరిగి కూసున్నడు,
పహాణీ మర్చిపోయి వచ్చినట్టు.
తోక మాత్రం ఇడిసి పెట్టిండు,
ఆ పోరికి అందేటట్టు.

రిజిస్టర్ల విశేషాలు అని ఒక గడి ఉంటది.
రోజూ 'ఏం లేవు' అని రాసేదాన్ని.
ఆ రోజు రాసిన: పట్వారి ఆడిండు.
డాక్టరు సారు ఎర్ర పెన్నుతోని 'డు' కొట్టేసి
'ది' పెట్టిండు.
జంతువమ్మా, ఆడింది అని రాయాలె.

సరే సార్ అన్న.

మర్నాడు మా ఇంటికెళ్లి
కొంగుల ఇన్ని పల్లికాయలు ఎక్కువ ఏస్కొచ్చిన.
రాజవ్వ వరుస పేర్చింది, ముట్టుకొని సూసింది,
మళ్ల మొదటికెళ్లి సూసింది.
లెక్క తప్పిందని
నా దిక్కే సూసింది.